తాతబ్బాయి చేతులు, డాక్టరమ్మ జాగ్రత్తలు

నాకు బట్టతల. సెలూన్ గురించి కథ రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే. నావల్ల ఆ పనివాళ్ళకి లాభం లేదు, వాళ్ళవల్ల నాకు భయం లేదు. తెలివి సంగతి కూడా ముందే చెప్పేస్తాను. చింతలమెరక అన్నదమ్ముల పక్కన నిలబడితే తప్ప నేను తెలివైనవాడిలా ఎక్కడా కనపడలేదు. వాళ్ళంటే నాకు అంత అభిమానం అందుకే.

చింతలమెరకలో బస్సులు ఆగే చోట, సోడా కొట్టు పక్కన, ఒక పెంకుటింట్లో వాళ్ళ సెలూను. పెద్దవాడు తాతబ్బాయి, నడిమివాడు నూకరాజు, ఆఖరివాడు అబ్బులు. తాతబ్బాయి పెళ్ళాం కాసులమ్మ. నలుగురికీ తమ తెలివంటే మహా గర్వం.

"ఊళ్ళో జనానికి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారండి. మేం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అందులో సొంత బుర్ర కలపం" అనేవాడు తాతబ్బాయి, కుర్చీలో కూచున్న ప్రతివాడితోనూ.

"కలపడానికి ఉండాలి కదయ్యా" అనేవాడు పక్కనుంచి సోడా కొట్టు బంగారయ్య.

"ఉన్నా కలపమండి" అనేవాడు నూకరాజు, మెచ్చుకున్నారనుకుని.

వాళ్ళ బోర్డు చూస్తే సంగతి మీకే తెలుస్తుంది. సెలూను పెట్టిన కొత్తలో తాతబ్బాయి తమ్ముణ్ణి పిలిచి, "అబ్బులూ, పైన సెలూన్ పేరు రాయి. కింద మన ముగ్గురి పేర్లూ పెద్ద అక్షరాలతో రాయి" అన్నాడు. అంతే. అబ్బులు నిచ్చెనెక్కి పైన 'సెలూన్ పేరు' అని రాశాడు. కింద 'మన ముగ్గురి పేర్లు' అని ఇంకా పెద్దగా రాశాడు. రాసి దిగొచ్చి దూరం నుంచి చూసుకుని మురిసిపోయాడు. అన్న కూడా మురిసిపోయాడు. చెప్పింది చెప్పినట్టే ఉంది కదా మరి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. తాతబ్బాయి చేతిలో కత్తెర పడితే ఆ బుర్ర సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. కత్తెర దానంతటదే తెలివిగా నడిచేది. చంటిపిల్లల పుట్టువెంట్రుకలు తీసినా, ముసలాళ్ళ గడ్డం గీసినా, మెడమీద ఈక వాలినట్టుండేది. తలంటడం, రంగు వెయ్యడం, కత్తిరించడం అన్నీ ఆయనే. నూకరాజు కత్తులు నూరేవాడు. అబ్బులు రేడియో తిప్పేవాడు.

అలాంటి చేతులు పాడయ్యాయి. రోజల్లా తడి, షాంపూ నురగ, జుట్టు రంగు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా అయిపోయింది. దురద. గోకితే మంట, గోకకపోతే ఇంకా మంట. జనం కుర్చీలో కూచుని ఆ చేతులు చూసి మెడ లోపలికి లాక్కోవడం మొదలెట్టారు. "నీ చేతులు చూస్తుంటే నా తల దురద పెడుతోందయ్యా" అని బంగారయ్య లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట తాతబ్బాయి అన్నం ముద్ద కలపలేక కాసేపు కంచం ముందు ఊరికే కూచున్నాడు. అది చూసి కాసులమ్మ ఆయన్నీ, ఆయనకి తోడుగా మరుదులిద్దరినీ పట్నం ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

చర్మాల డాక్టరు శశిరేఖగారు ఆ చేతుల్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఒట్టి చేతుల్తో రంగు కలుపుతావా?"

"ఒట్టి చేతుల్తో కాదండి. నీళ్ళతో కలుపుతానండి."

డాక్టరమ్మ కాసేపు ఆయన మొహంలోకి చూసి, నెమ్మదిగా చెప్పాలని అర్థం చేసుకుంది.

"చూడు తాతబ్బాయ్. గ్లౌజులు లేకుండా పని ముట్టుకోకు. చేతులు తడవనీకు. రోజూ పడుకోబోయే ముందు ఈ మందు రాసుకో. అదీకాక పొద్దస్తమానం నిలబడి, ఒంగి చేస్తే నడుం పోతుంది. కూచుని చెయ్యి. మనిషి తల నీ చేతికి అందే ఎత్తులో పెట్టుకో. రంగు వాసన, పౌడరు, స్ప్రే అన్నీ ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొట్లోకి గాలి బాగా రానివ్వు. కొత్తవాళ్ళకి రంగు వేసేముందు చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూడు. బొబ్బ రాకపోతేనే వెయ్యి. నేను మీ ఊరు క్యాంపుకొచ్చినప్పుడు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం ఈ పని మానేసి ఇంకో పని చూసుకోవలసిందే."

తాతబ్బాయి మొహం వాడిపోయింది. "ఇంకో పనాండి? నాకు తలకాయలు తప్ప ఇంకేం తెలీదండి."

"ఆయన పని మానేసి ఇంట్లో కూచుంటే నాకు వంట నేర్పుతాడండి" అంది కాసులమ్మ.

బయటికొచ్చాక నూకరాజు అన్నాడు, "ఇన్ని జాగ్రత్తలు ఒక్క బుర్రలో పెడితే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. పంచుకుందాం. అన్నయ్య చేతులు గుర్తుపెట్టుకుంటాడు. నేను నడుం. అబ్బులు గాలి, చెవి." అందరికీ నచ్చింది. దారిలో మాట్లాడితే ఒలికిపోతాయని ఎవరూ నోరు తెరవలేదు. బస్సులో కండక్టరు వచ్చి "ఎక్కడికి?" అన్నాడు.

"చేతులు" అన్నాడు తాతబ్బాయి.

"నడుం" అన్నాడు నూకరాజు.

"గాలి, చెవి" అన్నాడు అబ్బులు.

కండక్టరు కాసులమ్మ వైపు జాలిగా చూశాడు. "ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా అమ్మా?"

"తీసుకొస్తున్నానండి" అంది కాసులమ్మ.

మర్నాడే గ్లౌజుల వేట మొదలైంది. చింతలమెరకలో గ్లౌజులు ఒక్క కరెంటు లైన్‌మన్ దగ్గరే ఉన్నాయి. మోచేతులదాకా వచ్చే నల్ల రబ్బరువి. ఒక్కోదాంట్లో ఇంకో మనిషి చెయ్యి కూడా పట్టేంత వదులు. పాతవి ఒక జత అడిగి తెచ్చారు. తాతబ్బాయి తొడుక్కున్నాడు. గ్లౌజులు లేకుండా పని ముట్టుకోవద్దంది కదా, ఏది పని, ఏది కాదు అని ఇంట్లో పెద్ద చర్చ వచ్చింది. చెంబందుకోవడం పనే. తలుపు తియ్యడం పనే. "నమలడం పని కాదు గానీ కలపడం పనే" అని నూకరాజు తేల్చాడు. అంతే. తాతబ్బాయి గ్లౌజులతోనే పప్పూ అన్నం కలిపాడు. "ఏవిటోనే, కూరకి టైర్ల రుచి వచ్చింది" అన్నాడు. "రేపట్నుంచి ఉప్పు ఎక్కువేస్తాలే" అంది కాసులమ్మ.

స్నానం దగ్గర ఇంకో చిక్కు. చేతులు తడవకూడదు. సరే, రెండు చేతులూ పైకెత్తి పెరట్లో నుంచున్నాడు. కాసులమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. గోడవతల నుంచి బంగారయ్య తొంగిచూశాడు. తాతబ్బాయి చేతులెత్తేసి ఉన్నాడు, ఎదురుగా కాసులమ్మ కోపంగా ఉంది. "తప్పైపోయిందంటున్నాడుగా, వదిలెయ్యమ్మా" అన్నాడు పాపం.

అలా రెండు వారాలు గడిపి సెలూను తెరిచారు. గ్లౌజులో వేలు కత్తెర రింగులోకి దూరలేదు. తాతబ్బాయి బెంబేలెత్తిపోయాడు. నూకరాజు ధైర్యం చెప్పాడు. "కత్తెర నేను పట్టుకుంటా. చూపు నువ్వు పట్టుకో. నువ్వు చెప్పు, నేను కత్తిరిస్తా." మొదటి బేరం బంగారయ్యే. మనిషి మంచివాడు, అప్పుడు లేచి వెళ్ళినందుకు మనసు పీకి వచ్చాడు. తాతబ్బాయి ఆయన ఎదురుగా నుంచున్నాడు, నూకరాజు వెనక నుంచున్నాడు.

"కుడిపక్క కొంచెం" అన్నాడు తాతబ్బాయి. నూకరాజు తన కుడిచేతి వైపు బంగారయ్య జుట్టు కత్తిరించాడు.

"అటు కాదురా, నా కుడి."

నూకరాజు చుట్టూ తిరిగి ముందుకొచ్చి అన్న కుడి చెంపమీద జుట్టు కచ్చుమని కత్తిరించేశాడు.

"ఒరే, నాది కాదు."

"నీ కుడి అన్నావుగా."

"ఆయన తలమీద నా కుడి."

"ఆయన తలమీద నీ కుడి ఎందుకుంటుంది అన్నయ్యా? ఆయన తలమీద ఆయనదే ఉంటుంది" అన్నాడు నూకరాజు. కుర్చీలోంచి బంగారయ్య కూడా ఔనన్నాడు. ఆ పూట ఇద్దరికీ చెరో చెంపా బోసిపోయింది. బంగారయ్య అద్దంలో చూసుకుని, "ఇది నేనేనా?" అన్నాడు. "మీరేనండి. అద్దం మేం మార్చలేదు" అన్నాడు అబ్బులు.

ఇదంతా జరుగుతుండగా నూకరాజుకి ఉలిక్కిపాటు వచ్చింది. "అన్నయ్యా, ఇందాకట్నుంచి నుంచునే ఉన్నావు. నడుం నా పూచీ. కూచో."

కొట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. తాతబ్బాయి అందులో కూచున్నాడు. తర్వాత వచ్చినవాణ్ణి ఎదురుగా నుంచోబెట్టారు. తల అందలేదు. ఒంగమన్నారు. వాడు ఒంగాడు, కాసేపటికి నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాతవాణ్ణి నేలమీద కూచోబెట్టారు. అప్పుడు తాతబ్బాయి ఒంగాల్సొచ్చింది. "ఒంగావు, ఒంగావు" అని నూకరాజు భుజాలు పట్టి వెనక్కి లాగాడు. తాతబ్బాయి చేతిలో దువ్వెనతోపాటు ఆ మనిషి జుట్టు కూడా వెనక్కొచ్చింది.

ఈలోగా అబ్బులు తన పూచీ తను చేసుకుపోతున్నాడు. కిటికీ తీశాడు. తీయడమంటే తెరవడం కాదు, చట్రంతో సహా ఊడదీశాడు. తలుపు కూడా తీసేశాడు. గాలి వచ్చింది గానీ బాగా వచ్చిందా అని అనుమానం. 'బాగా' అంది కదా డాక్టరమ్మ. నిచ్చెనెక్కి కప్పు మధ్యలో పెంకులు తీసేశాడు. తీసి పైన కూచుని, ఆ కన్నంలోంచి తల కిందికి పెట్టి, "అన్నయ్యా, గాలంతా ఇక్కడే ఉంది. హాయిగా ఉంది, కూచుంటే లేవబుద్ధి కావడంలేదు" అన్నాడు.

నూకరాజు పైకి చూశాడు. కన్నం చూశాడు. కుర్చీ చూశాడు. వాళ్ళింట్లో బుర్ర వెలిగిన సందర్భాలు తక్కువ గనక అది వెలిగితే అందరికీ తెలిసిపోయేది.

"అన్నయ్యా. బల్లమీద కుర్చీ వేద్దాం. మనిషిని ఎక్కిద్దాం. తల ఆ కన్నంలోంచి పైకొస్తుంది. నువ్వు కప్పు మీద కూచుంటావు. నిలబడక్కర్లేదు, ఒంగక్కర్లేదు, తల చేతికందుతుంది, గాలికి గాలి."

కాసులమ్మ మరిది తలమీద చెయ్యి వేసి నిమిరింది. "డాక్టరమ్మ ఇది చూసిందంటే జిల్లాలో ఉన్న సెలూన్లన్నిటికీ కన్నాలు పెట్టిస్తుంది" అంది.

సరిగ్గా అప్పుడే బియ్యం మిల్లు గుర్నాథంగారు వచ్చాడు. కూతురి పెళ్ళి దగ్గరపడింది. తలా మీసం తెల్లగా పండిపోయి ఉన్నాయి. కన్యాదానం ఫొటోల్లో పెళ్ళికూతురి తాతలా పడతావని ఆయన భార్య ఎద్దేవా చేసింది. జన్మలో మొదటిసారి రంగు వేయించుకుందామని వచ్చాడు.

"కొత్తవాళ్ళకి చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూడాలండి" అన్నాడు అబ్బులు. చుక్క పెట్టాడు. గుర్నాథంగారు సరేనని లేచి స్కూటరెక్కాడు. వెనకాల అబ్బులు కూడా ఎక్కాడు.

"నువ్వెక్కడికిరా?"

"చూడాలి కదండి."

అంతే. రెండు రోజులూ చూశాడు. మిల్లులో గుర్నాథంగారు ధాన్యం చూస్తే అబ్బులు చెవి చూశాడు. భోజనం దగ్గర పక్కన పీటేసుకుని కూచుని, ముద్దకీ ముద్దకీ మధ్య చూశాడు. కునుకు తీస్తూ గుర్నాథంగారు ఆ చెవి వైపు ఒత్తిగిల్లితే నెమ్మదిగా తల పట్టుకుని ఇటు తిప్పాడు. "ఎవరండీ ఈ అబ్బాయి?" అంది ఆయన భార్య. "నా చెవి చూడ్డానికొచ్చాడే" అన్నాడాయన నీరసంగా. పెళ్ళికొచ్చిన చుట్టాలు కొందరు ఆ చెవిలో ఏదో విశేషముందనుకుని వాళ్ళూ వంతులవారీగా చూసిపోయారు.

గడువయ్యాక అబ్బులు తిరిగొచ్చి, "బొబ్బ రాలేదన్నయ్యా. నా కళ్ళే వాచాయి" అన్నాడు.

ఇక రంగు వెయ్యాలి. బల్లమీద కుర్చీ, కుర్చీలో గుర్నాథంగారు, మెడకి గుడ్డ. ఆయన మొదట ఎక్కనన్నాడు. "డాక్టరమ్మగారి ఏర్పాటండి" అనేసరికి పెద్దవాళ్ళ మాట కాదనలేక ఎక్కాడు. తల పెంకుల్లోంచి పైకొచ్చింది. పైన తాతబ్బాయి మఠం వేసుకుని కూచుని, నల్ల గ్లౌజుల్లో బ్రష్షు పట్టుకుని, హాయిగా రంగు వేస్తున్నాడు. కత్తెరలా కాదు, బ్రష్షయితే ఆ గ్లౌజుల్లో బాగానే ఇమిడింది. మొదట మీసానికి పూశాడు, తర్వాత తలకి.

అప్పుడే కాకినాడ బస్సు వచ్చి ఆగింది. కప్పుమీద ఒక తలకాయ, దానికి నల్లగా ఏదో పూస్తున్న మనిషి. కిటికీ దగ్గర కూచున్న ముసలమ్మ చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని, చిల్లర విసిరింది.

"ఏవండీ గుర్నాథంగారూ, ఏం చేస్తున్నారక్కడ?" అన్నాడు కిందనుంచి బంగారయ్య.

"రంగు వేయించుకుంటున్నానయ్యా" అంది తల, సిగ్గుపడుతూ.

తల సగం నల్లబడిందో లేదో చినుకు పడింది. తాతబ్బాయి చేతులు తడవకూడదు. గ్లౌజుల్లోకి నీళ్ళు దిగితే ఇన్నాళ్ళ జాగ్రత్తా మట్టిగొట్టుకుపోతుంది. తాతబ్బాయి బ్రష్షు పారేసి చేతులు చంకల్లో దాచుకున్నాడు. చేతులు చంకల్లో ఉండగా నిచ్చెన దిగడం మీరెప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు. నూకరాజు మీద పడ్డాడట. నూకరాజు నడుం అక్కడే పట్టేసింది. అన్న నడుం కాదు గదా, తన పూచీ కాదని ఊరుకున్నాడు.

"తాతబ్బాయ్, వాన" అంది కప్పుమీద తల.

"చూశామండి" అన్నాడు కిందనుంచి అబ్బులు. కొట్లోకి నీళ్ళు పడకుండా గుర్నాథంగారి మెడచుట్టూ పెంకులు దగ్గరగా సర్దేశాడు. ఇప్పుడు ఆయన దిగుదామన్నా మెడ రాదు.

సరిగ్గా ఆ క్షణాన, గొడుగు ముడుచుకుంటూ, తలుపు లేని గుమ్మంలోంచి, ఊళ్ళో క్యాంపుకొచ్చిన శశిరేఖ డాక్టరమ్మ లోపలికొచ్చింది. బల్లమీద కుర్చీ, కుర్చీలో బొజ్జ, బొజ్జమీద గుడ్డ. తల లేదు.

డాక్టరమ్మ తన వృత్తిలో చాలా చూసి ఉంటుంది. అయినా గుమ్మం పట్టుకుంది.

"ఈయన తలేది?"

"పైనుందండి" అన్నాడు అబ్బులు. "తలొక్కటే తడుస్తోందండి. మిగతా గుర్నాథంగారంతా పొడిగానే ఉన్నారు."

ఆవిడే చీర కుచ్చిళ్ళు దోపుకుని బల్లెక్కి, పెంకులు తీయించి, గుర్నాథంగారిని కిందికి దింపించింది. రంగు వానకి కారిపోయి తలమీద చారలు చారలుగా మిగిలింది. మీసం మాత్రం నల్లగా కాకుండా, తెల్లగా ఉండకుండా, కొత్తిటుక రంగుకి తిరిగింది. ఆయన అద్దం చూసుకుని గొడుగడిగి తీసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ తాతబ్బాయి వైపు తిరిగింది. "చేతులు చూపించు."

తాతబ్బాయి చంకల్లోంచి చేతులు తీశాడు. గ్లౌజులు లాగుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసులమ్మ గోడవైపు తిరిగి నుంచుంది. డాక్టరమ్మ వేళ్ళ సందులన్నీ విడదీసి, వెలుతురులో పెట్టి చూసింది.

"మానిపోయాయి" అంది, తనే నమ్మలేనట్టు. "రంగూ, నీళ్ళూ తగల్లేదు, మందు రాశారు. మానిపోయాయి. పని మానక్కర్లేదు."

తాతబ్బాయి కళ్ళు తెరిచి చేతులు అటూ ఇటూ తిప్పుకున్నాడు. "నావేనా అండి?" అన్నాడు. కాసులమ్మ గోడవైపు నుంచి తిరగలేదు గానీ భుజాలు కదులుతున్నాయి.

డాక్టరమ్మకి ఒక్కటి బోధపడింది. వీళ్ళకి చెప్పకూడదు, చూపించాలి. పల్చటి గ్లౌజుల పొట్లం తెచ్చి రంగుకీ తలంటుకీ మాత్రం తొడిగి, పని కాగానే తీసి పారేయించింది. ఎత్తు స్టూలొకటి వేయించి, బేరం కుర్చీలో కూచుంటే తాతబ్బాయి స్టూలుమీద కూచోవచ్చని కూచోబెట్టి చూపించింది. తలంటడం నూకరాజుకి పంచింది. కిటికీ చట్రం బిగించి, రెక్కలు తెరిచి, ఇదీ గాలంటే అంది. పెంకులు కప్పించింది. నలుగురూ నోరు తెరుచుకుని చూసి, ఒక్క పొల్లు తప్పకుండా నేర్చుకున్నారు. అక్కడితో ఆవిడ ఊరుకుంటే ఈ కథ కూడా ఊరుకునేది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక్కమాట నోటితో చెప్పింది.

"మళ్ళీ ఎప్పుడైనా చేతిమీద దురద అనిపిస్తే, ఏ పని చేస్తున్నా సరే, ఎక్కడిదక్కడ ఆపేసి నా దగ్గరికి రా. తర్వాత చూద్దాంలే అనుకున్నావంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"అలాగేనండి" అన్నారు నలుగురూ ఒక్కసారే.

పెళ్ళిరోజు వచ్చింది. పొద్దున్నే గుర్నాథంగారు కండువా నోటికడ్డంపెట్టుకుని వచ్చి కుర్చీలో కూచున్నాడు. తల చారలు తలపాగాలో దాగాయి గానీ మీసాన్ని ఏం చెయ్యాలి?

"తీసెయ్ తాతబ్బాయ్. ఈ ఇటుకముక్క పెట్టుకుని కన్యాదానం చెయ్యలేను. తొందరగా కానీ, ముహూర్తం దగ్గర పడుతోంది."

తాతబ్బాయి స్టూలుమీద కూచున్నాడు. ఎన్నాళ్ళకో చేతికి కత్తి అందింది. నురగ పూసి, కుడిపక్క మీసం సుతారంగా తీసేశాడు. తల వెనక్కి వాల్చి చూసుకుని, ఎడంపక్కకి వచ్చాడు. అప్పుడు బొటనవేలి మొదట్లో చిన్నగా దురద పెట్టింది.

అంతే. కత్తి మడిచేశాడు.

"ఏమైంది?" అన్నాడు గుర్నాథంగారు.

"దురదండి. ఎక్కడిదక్కడ ఆపేసి రమ్మంది."

"ఈ సగం తీసేసి వెళ్ళవయ్యా. ఎంతసేపు పని?"

"తర్వాత చూద్దాంలే అనుకోకూడదండి. మళ్ళీ మొదటికొస్తుంది." తాతబ్బాయి గొంతులో నిజంగానే భయముంది. కత్తి ఇంకోసారి పోతే తట్టుకోలేడు మనిషి.

"పోనీ నూకరాజు తీస్తాడా?"

"నేను తలంటడమే నేర్చుకున్నానండి" అన్నాడు నూకరాజు. "కావాలంటే తలంటుతాను."

ఇంకేముంది, నలుగురూ బస్సెక్కారు. గుర్నాథంగారు సగం మీసంతో అద్దం ముందు కూచుని ఎదురుచూశాడు. అవతల సన్నాయి మొదలైంది. బావమరిది పరుగెత్తుకొచ్చి, "బావా, పురోహితుడు కేకలేస్తున్నాడు" అని చెయ్యి పట్టుకు లాక్కెళ్ళాడు. కండువా మళ్ళీ మూతికడ్డం పడింది.

ఖాళీ అయిన ఆ కుర్చీలోకి, ఎదురింట్లో విడిది దిగిన పెళ్ళికొడుకు వచ్చాడు. పేరు సోమశేఖరం. గడ్డం గీయించుకుందామని వచ్చాడు. మీసం మాత్రం వాళ్ళ వంశంలో ఎవరూ తియ్యరు. నల్లగా, ఒత్తుగా, చూసినవాళ్ళు దారి తప్పుకునేంత మీసం. కొట్లో ఎవరూ లేరు. వస్తార్లే అని గుడ్డ మెడకి తనే చుట్టుకుని, వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ప్రయాణం బడలిక. అలాగే నిద్రపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తాతబ్బాయి బొటనవేలు చూసింది. "దోమ కుట్టింది" అంది. "చేతులు బంగారంలా ఉన్నాయి. ఏ పనిలోంచి వచ్చావు?"

"సగం మీసంలోంచండి."

ఆవిడ కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంది. "పరుగెత్తు. ఎక్కడ ఆపావో అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

పరుగెత్తుకొచ్చారు. కుర్చీలో మనిషి అలాగే ఉన్నాడు, గుడ్డ అలాగే ఉంది. తాతబ్బాయికి మొహాలు చూసే అలవాటు లేదు, పనే చూస్తాడు. పని చూసి తెల్లబోయాడు.

"ఒరే, మనం వెళ్ళొచ్చేలోగా కుడిపక్క మీసం మళ్ళీ మొలిచేసిందిరా."

"నల్లగా కూడా మొలిచింది" అన్నాడు నూకరాజు వంగి చూసి.

"రంగు ఇప్పుడు పట్టినట్టుందన్నయ్యా" అన్నాడు అబ్బులు. "బొజ్జ కూడా తగ్గింది. పాపం, కూతురి పెళ్ళి బెంగ."

"మరి కుడిపక్క మళ్ళీ తియ్యనా?"

"వద్దండీ" అంది కాసులమ్మ. "అటు మీ పని అయిపోయింది. ఆపినచోటినుంచే అంది డాక్టరమ్మ. ఆపింది ఎడంపక్క దగ్గర."

అంతే. తాతబ్బాయి నురగ పూసి, కత్తి విప్పి, ఎడంపక్క మీసం ఈక వాలినంత మెత్తగా తీసేశాడు. ఆ మెత్తదనానికి పెళ్ళికొడుక్కి మెలకువ కూడా రాలేదు. విడిదిలోంచి వాళ్ళ మామయ్య వచ్చి, గడ్డం సంగతి చూడకుండా, నిద్రమొహం మీదే బాసికం కట్టి లాక్కెళ్ళిపోయాడు.

పీటలమీద మామా అల్లుడూ ఎదురెదురుగా కూచున్నారు. ఒకాయన కండువా జారింది. ఒకాయన బాసికం పక్కకి తొలిగింది. ఇద్దరూ ఒకర్నొకరు చాలాసేపు చూసుకున్నారు. పురోహితుడు మంత్రం మర్చిపోయి మళ్ళీ మొదలెట్టాడు. పెళ్ళికూతురు తెరచాటున నవ్వాపుకోలేక దగ్గు నటించింది. ముహూర్తం మించిపోతోంది గనక ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళయిపోయింది.

ఫొటోగ్రాఫరు మాత్రం తెలివైనవాడు. గుర్నాథంగారి పక్కన, ఆయన ఎడమచేతి వైపు, అల్లుణ్ణి నిలబెట్టాడు. "ఇంకొంచెం దగ్గరగా, చెంపకి చెంప ఆనించండి" అన్నాడు. మామ ఎడమ సగం, అల్లుడి కుడి సగం కలిశాయి. మధ్యలో ఒకే ఒక్క నిండు మీసం, సగం ఇటుక రంగు, సగం నలుపు.

భోజనాల పంక్తిలోంచి లేచొస్తున్న తాతబ్బాయి అది చూశాడు. చేతిలో అరటిపండు జారిపోయింది.

"ఒరే నూకరాజూ, నేను తీసిన మీసం మొత్తం మళ్ళీ వచ్చేసిందిరా. ఈసారి ఇద్దరి మీద మొలిచింది."

"మళ్ళీ మొదటికొస్తుందని డాక్టరమ్మ అననే అంది" అన్నాడు నూకరాజు. "దురద పెడుతోందా?"

"లేదు."

"అయితే ఆపక్కర్లేదు."

ఇంకేముంది. తాతబ్బాయి చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, పల్చటి గ్లౌజులు ఒక్కో వేలూ సరిచూసుకుంటూ తొడుక్కున్నాడు. అబ్బులు గాలికోసం పందిరి తడికలు పీకేశాడు. నిలబడి చెయ్యకూడదు కదా, పురోహితుడి కిందనుంచి పీట లాక్కుని తాతబ్బాయి దానిమీద కూచున్నాడు. కూచుని, జేబులోంచి కత్తి తీసి విప్పి, మామా అల్లుళ్ళ వైపు ఆప్యాయంగా చూసి అన్నాడు:

"దయచేసి ఇద్దరూ అలాగే అంటుకుని ఉండండి. మధ్యలోంచి మొదలెడతాను."